గొంతుకు వేరు ఎక్కడ? కొరియా సంప్రదాయ వైద్యం, స్వర సమస్యలు, చేతికందిన రుజువులు

1613లో కొరియాలో అచ్చయిన ‘డోంగుయ్ బోగామ్’ అనే వైద్య గ్రంథంలో గొంతు ధ్వనికి విడిగా ఒక అధ్యాయం ఉంది. దాని పక్కనే మాటకు ఇంకో అధ్యాయం. ధ్వని వేరు, మాట వేరు అని ఆ గ్రంథం కూర్చిన రాజవైద్యుడు హో జున్ నాలుగు వందల ఏళ్ల కిందటే విడదీశాడు. ఇవాళ్టి వైద్యులూ అలాగే విడదీస్తారు. పక్షవాతం వచ్చి మాట ముద్దగా వచ్చే మనిషి బాధ ఒకటి, బడిలో అరిచి అరిచి గొంతు బొంగురుపోయిన పంతులమ్మ బాధ ఇంకొకటి. మొదటిది మెదడుకు, నాలుకకు సంబంధించినది. రెండోది స్వరపేటికది. ఈ వ్యాసం ఆ రెండో దాని గురించే.

హో జున్‌కు రాజు సోంజో ఈ పని అప్పగించింది 1596లో. జపాన్ సైన్యాలు కొరియా మీద దండెత్తి అప్పటికి నాలుగేళ్లు. పుస్తకం పూర్తయింది 1610లో, మొత్తం 25 సంపుటాలు. 2009లో యునెస్కో దీన్ని ప్రపంచ స్మృతి పత్రాల్లో చేర్చింది. కొరియా సంప్రదాయ వైద్యులు ఇప్పటికీ చేతిలో పెట్టుకుని చదివే పుస్తకం ఇది.

స్వరం అధ్యాయంలోని సిద్ధాంతం ఇలా సాగుతుంది. స్వరానికి యజమాని గుండె, గుమ్మం ఊపిరితిత్తులు, వేరు మూత్రపిండాలు. ఇక్కడ మూత్రపిండం అంటే మనం స్కానింగులో చూసే అవయవం అనుకోకూడదు. పుట్టుకతో వచ్చిన సత్తువ దాచుకున్న చోటు అని ఆ సంప్రదాయంలో అర్థం. జలుబు చేసి నిన్న గొంతు పోయిందంటే గుమ్మంలో అడ్డు పడిందని లెక్క. ముసలితనంలోనో, పెద్ద జబ్బు తర్వాతో గొంతు నెమ్మదిగా సన్నబడిపోతే వేరు ఎండిందని లెక్క. మొదటిదానికి అడ్డు తొలగించే మందు, రెండోదానికి బలం పెంచే మందు. బొంగురు గొంతులన్నీ ఒకటి కావని, ఎన్నాళ్లుగా ఉంది, ఎలా మొదలైంది అని అడగకుండా మందు ఇవ్వకూడదని ఇందులో ఉన్న వివేకం. శరీర నిర్మాణం పరంగా ఈ సిద్ధాంతం నిలవకపోయినా, ఈ ప్రశ్నలు మాత్రం నిలుస్తాయి.

తూర్పు ఆసియా వైద్యంలో మన పంచభూతాల్లాంటి ఐదు మూలాలున్నాయి, వాటిలో ఊపిరితిత్తులు లోహానికి చెందినవి. గంట లోపల ఏదైనా కూరితే మోగదు, పగిలినా మోగదు. గొంతు పోవడానికి ఈ రెండే దారులని ఆ వైద్యులు చెప్పే పోలిక. ‘కంచు కంఠం’ అనే మాట పుట్టిన భాషలో ఉన్న మనకు ఇది వెంటనే అందుతుంది. కానీ పోలిక ఎంత అందంగా ఉన్నా అది పోలికే. మందు పనిచేస్తుందా లేదా అన్నది దాన్నిబట్టి తేలదు.

ఆ అధ్యాయంలో ఒక మందు నన్ను చాలాసేపు ఆపేసింది. పాటలు పాడి పాడి గొంతు పోయినవాళ్లకని చెప్పిన మాత్ర. పేరు హ్యాంగ్‌సోంగ్ పాజోక్‌హ్వాన్. పగిలిన వేణువును మళ్లీ మోగించే మాత్ర అని దాని భావం. చైనాలో 1587 నాటి ఒక వైద్య గ్రంథం నుంచి హో జున్ దీన్ని తీసుకున్నాడు. జపాన్‌లో ఇప్పటికీ ఇదే పేరుతో, కాస్త మారిన పాళ్లతో మందుల దుకాణాల్లో అమ్ముతారు. పుదీనా జాతి ఆకు, అతిమధురం, రేవల్చిన్ని, ఏలకుల జాతి గింజలు, డోరాజి అనే మొక్క వేరు, వీటితోపాటు కరక్కాయ. అన్నీ పొడి కొట్టి కోడిగుడ్డు తెల్లసొనతో ఉండ చేసి, పడుకునే ముందు నోట్లో పెట్టుకుని కరిగించుకుంటూ మింగాలి. రాత్రంతా పద్యాలు పాడాల్సిన నాటకాల నటులు కరక్కాయ ముక్కో అతిమధురం పుల్లో బుగ్గన పెట్టుకోవడం మన ఊళ్లలో తెలిసిన సంగతే. ఒకరినొకరు ఎరగని రెండు దేశాల గాయకులు ఒకే కాయను బుగ్గన పెట్టుకున్నారంటే అందులో ఏదో ఉండి ఉంటుందని మనసు చెబుతుంది. కరక్కాయ వగరు. నోట్లో పెట్టుకోగానే లాలాజలం ఊరుతుంది, మాటిమాటికీ మింగుతాం, గొంతు సవరించుకోవాలన్న తహతహ తగ్గుతుంది. ఈమాత్రం మేలు నిజమే అయి ఉండొచ్చు. స్వరతంత్రి మీద లేచిన కాయ దాంతో కరుగుతుందా అన్నది పూర్తిగా వేరే ప్రశ్న. మింగేది అన్నవాహికలోకి పోతుంది, స్వరతంత్రుల మీదికి పోదు. పోతే పొలమారి దగ్గుతాం.

ఇక్కడ కాసేపు స్వరపేటికలోకి తొంగిచూడాలి. గొంతు ముందువైపు వేలు పెట్టి ‘ఊ’ అంటే అదిరే చోట లోపల రెండు మడతలు ఉంటాయి, ఇవే స్వరతంత్రులు. పెద్ద మగవాడిలోనైనా వాటి పొడవు రెండు సెంటీమీటర్ల చుట్టుపక్కలే. మగవాళ్లు మాట్లాడేటప్పుడు అవి సెకనుకు వందకు పైగా, ఆడవాళ్లలో రెండు వందల దాకా కొట్టుకుంటాయి. ఒక టీచరమ్మ గొంతు మొత్తం మీద గంటసేపు మోగిందనుకుంటే అది ఏడు లక్షల తాకిళ్లు. ఆ మడత పైపొర మెత్తగా, జెల్లీలా ఉంటుంది. అడుగున కండ. పొర కండ మీద అలలా జారుతూ కదిలితేనే గొంతు శుభ్రంగా పలుకుతుంది. ఈ పొరల అమరికను 1970ల్లో జపాన్ వైద్యుడు మినోరు హిరానో వివరించాడు. తాకిళ్లు మితిమీరితే పొర వాచి, కొన్నాళ్లకు ఇటొకటి అటొకటి చిన్న కాయలు కడతాయి. గొంతు బొంగురుపోయేది అప్పుడే.

బతికున్న మనిషిలో ఈ కదలికను తీరుగా గమనించి చెప్పినవాడు వైద్యుడు కాడు, పాట నేర్పే గురువు. స్పెయిన్‌కు చెందిన మాన్యుయెల్ గార్సియా 1854లో చిన్న అద్దం, సూర్యకాంతి సాయంతో తన గొంతునే తాను చూసుకున్నాడు. అంటే హో జున్‌కైనా, అప్పటి యూరప్ వైద్యులకైనా, మన ఆయుర్వేద పండితులకైనా ఆ చోటు కనబడే వీలు లేదు. వినగలిగారు, నాడి చూడగలిగారు, నాలుక చూడగలిగారు. చూడలేని చోటును ఊహతో నింపుకున్నారు. అది వాళ్ల తప్పు కాదు. అద్దం వచ్చి 170 ఏళ్లయినా చూడకుండా వైద్యం చేస్తే మాత్రం అది మన తప్పే అవుతుంది.

కొరియాలో గొంతు బాగుందా లేదా అని తేల్చడం మరింత చిక్కుపడడానికి పాన్సోరి అనే కథాగానం ఒక కారణం. ఒక గాయకుడు లేదా గాయని, పక్కన ఒక డోలు వాద్యకారుడు. కథంతా ఒక్క గొంతే చెబుతుంది, పాడుతుంది, ఏడుస్తుంది. నిండు ప్రదర్శన కొన్నిసార్లు ఎనిమిది గంటలు సాగుతుంది. మన హరికథ, బుర్రకథ తెలిసినవాళ్లకు ఆ శ్రమ ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. 2003లో యునెస్కో దీన్ని మానవాళి వారసత్వంగా గుర్తించింది. పాన్సోరిలో కోరుకునేది నున్నటి గొంతు కాదు. గరగరలాడే, రాపిడి పెట్టిన, లోతైన గొంతు. దానికోసం జలపాతాల పక్కన నిలబడి నీటి హోరును మించి పాడుతూ సాధన చేయడం ఆ సంప్రదాయంలో పేరున్న పద్ధతి.

అలాంటి గొంతును ఈఎన్‌టీ వైద్యుడి కొలబద్దతో కొలిస్తే ఏమవుతుంది? ఎక్కువమంది వాడే ఒక పద్ధతిలో వైద్యుడు చెవితో విని గరుకుదనానికి, గాలి కారడానికి, బిగువుకు సున్నా నుంచి మూడు దాకా మార్కులు వేస్తాడు. మంచి పాన్సోరి గొంతుకు గరుకుదనంలో పెద్ద మార్కే పడుతుంది. కానీ ఆ గాయని రోగి కాదు. ఇలాంటప్పుడు వైద్యం ఫలించిందనడానికి ఒక్క ధ్వని కొలత చాలదు. ఆ గొంతు దాని యజమాని పని చేసిపెడుతోందా అని కూడా అడగాలి. స్వర చికిత్సల పరిశోధనలో రోగి స్వయంగా నింపే ప్రశ్నపత్రానికి విలువ ఇచ్చేది ఇందుకే. అయితే ఆ ప్రశ్నపత్రానికే ఒక బలహీనత ఉంది. మంచి చికిత్స అందిందన్న నమ్మకంతోనే అందులో మార్కులు మారిపోతాయి. రెండు కొలతలూ పక్కపక్కన ఉండాలి.

ఇప్పుడు కొరియాలో ఒక సంప్రదాయ వైద్యుడి దగ్గరికి బొంగురు గొంతుతో వెళ్తే ఏం జరుగుతుందో చూద్దాం. అక్కడ ఆ వైద్యులను హానుయ్‌సా అంటారు. ఆరేళ్ల కోర్సు చదివి, ప్రభుత్వ పరీక్ష రాసి, లైసెన్సు తీసుకుంటారు. 1951 చట్టం వాళ్లకు ఆధునిక వైద్యులతోపాటు విడిగా గుర్తింపు ఇచ్చింది. 1987 నుంచి సూదుల వైద్యం జాతీయ ఆరోగ్య బీమాలో ఉంది. గొంతుకు వాడే సూది బిందువులు మెడ ముందు, చేతి మీద, పాదం దగ్గర ఉంటాయి. బొటనవేలు, చూపుడువేలు కలిసేచోటి కండ మీద ఒకటి. మణికట్టు పైన ఒకటి, చీలమండ లోపలివైపు ఇంకొకటి. ఈ చివరి రెండూ కలిపి గొంతుకు వాడడం పాత ఆనవాయితీ. వీటికి తోడు కషాయం. కొందరు మూలికల రసాన్ని శుద్ధి చేసి సూదిమందుగా బిందువుల్లో ఎక్కిస్తారు.

కషాయంలో చాలాసార్లు ఉండేది డోరాజి. మొగ్గ బుడగలా ఉబ్బి, విచ్చుకున్నాక ఊదారంగులో గంటలా నిలబడే పువ్వు మొక్క. దాని వేరు కొరియాలో మందు కంటే ముందు కూర. తొక్క తీసి, నిలువుగా చీల్చి, ఉప్పు వేసి గట్టిగా పిసికి చేదు పిండేస్తారు. మనం కాకరకాయకు చేసినట్టే. దగ్గు, గొంతునొప్పి వస్తే అదే వేరును తేనెలో ఊరబెట్టి నీళ్లలో కలిపి తాగుతారు. డోరాజి, అతిమధురం రెండే కలిపి కాస్తే అది కామ్‌గిల్‌తాంగ్, గొంతు వాపుకు అతి పాత కషాయాల్లో ఒకటి. డోరాజిలో సపోనిన్లు అనే పదార్థాలున్నాయి. కుంకుడుకాయలో నురగ తెప్పించేవి కూడా ఈ జాతివే. శ్వాసనాళంలో కఫం పల్చబడడానికి ఇవి తోడ్పడతాయని జంతువుల మీద చేసిన ప్రయోగాలు సూచించాయి. కఫం పల్చబడితే గొంతు సవరించుకోవడం తగ్గొచ్చు, అది తగ్గితే స్వరతంత్రులకు రాపిడి తగ్గొచ్చు. ఈ రెండు ‘ఒచ్చు’లనూ మనుషుల మీద కొలిచి చూపితేగానీ అది చికిత్స కాదు.

నేను అన్నిటికంటే ఎక్కువసేపు ఆలోచించింది రోగి వివరణల గురించి. కొరియా సంప్రదాయ వైద్య పత్రికల్లో స్వర సమస్యలపై వచ్చే వ్యాసాల్లో ఎక్కువ భాగం ఇలాంటివే. ఒక రోగి, కొన్ని వారాల చికిత్స, తిరిగొచ్చిన గొంతు. స్వరతంత్రి చచ్చుబడినవాళ్లు, కాయలు కట్టినవాళ్లు, గొంతు బిగుసుకుని మాట తెగిపోయేవాళ్లు అందులో కనిపిస్తారు. చిత్తశుద్ధితో రాసినవే. అయినా వాటి మీద పూర్తి బరువు ఎందుకు మోపలేమో చెప్పాలంటే కొరియా థైరాయిడ్ కథ చెప్పాలి.

1999లో కొరియా ప్రభుత్వం కేన్సర్ ముందస్తు పరీక్షల పథకం మొదలుపెట్టింది. థైరాయిడ్ అందులో లేదు. కానీ ఆసుపత్రులు కొద్దిపాటి అదనపు డబ్బుకు మెడ అల్ట్రాసౌండ్ కూడా చేసిపెట్టాయి. 2011 నాటికి థైరాయిడ్ కేన్సర్ నిర్ధారణల రేటు 1993తో పోలిస్తే 15 రెట్లయింది. ఆ ఒక్క ఏడాదే 40,000 మందికి పైగా. మరణాల రేటు మాత్రం దాదాపు కదల్లేదు. ఎప్పటికీ ప్రాణం తీయని చిన్న గడ్డలను వెతికి పట్టుకున్నారన్నమాట. అలా బయటపడినవాళ్లలో దాదాపు అందరికీ ఆపరేషన్ జరిగింది. ముగ్గురు కొరియా, అమెరికా పరిశోధకులు 2014లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఈ లెక్కలు బయటపెట్టారు. ఆపరేషన్ అయిన 15,000 మందికి పైగా బీమా రికార్డుల్లో 2 శాతానికి స్వరతంత్రి చచ్చుబడినట్టు అందులో ఉంది. స్వరపేటికను ఆడించే నాడి థైరాయిడ్ వెనకాలే పాకి వెళ్తుంది. ఆపరేషన్లో అది సాగినా, నలిగినా, తెగినా ఆ వైపు స్వరతంత్రి కదలదు. గొంతులోంచి గాలి కారుతుంది. మంచినీళ్లు తాగితే పొలమారుతుంది.

ఆ శాతం లెక్కన చూస్తే ఏటా వందల మంది. కేన్సర్ భయం తీరిందనుకునేలోగా గొంతు పోయిన మనుషులు. వాళ్లలో కొందరు హానుయ్‌సా తలుపు తట్టడం సహజం. తట్టకపోతేనే ఆశ్చర్యం. ఆపరేషన్ అయిన రెండో నెలలో ఒకామె వచ్చిందనుకుందాం. వారానికి రెండుసార్లు సూదులు, రోజూ కషాయం. ఐదో నెలలో గొంతు తిరిగొచ్చింది. ఆమెకూ, వైద్యుడికీ కారణం కళ్లముందే ఉన్నట్టుంటుంది. కానీ తెగకుండా సాగిన, నలిగిన నాడి చాలామందిలో తనంతట తనే కొన్ని నెలల్లో కోలుకుంటుంది. అందుకే శాశ్వత ఆపరేషన్‌కు ముందు ఈఎన్‌టీ వైద్యులు సాధారణంగా ఆరు నెలల నుంచి ఏడాది దాకా ఆగుతారు. నాడి కోలుకోకపోయినా రెండో వైపు స్వరతంత్రి గీత దాటి వచ్చి ఖాళీని పూడ్చడం నేర్చుకుంటుంది. సూదులు లేకుండా ఉంటే ఆమె గొంతు ఎప్పుడు వచ్చేది? ఐదో నెలలోనేనా, ఎనిమిదో నెలలోనా? ఒక్క మనిషి కథలో దానికి జవాబు దొరకదు. అలాంటి మనుషులను రెండు గుంపులుగా చీటీ వేసి విడదీసి, ఒక గుంపుకే చికిత్స ఇచ్చి చూస్తేనే దొరుకుతుంది.

కాయల విషయంలోనూ ఇంతే. గొంతు బాగా పాడైన రోజునే మనిషి వైద్యుడి దగ్గరికి వెళ్తాడు. పండగల్లో భజనలు పాడి, పరీక్షల సీజనులో క్లాసులు చెప్పి అలిసిన గొంతు సెలవుల్లో ఏ మందూ లేకుండానే తేరుకుంటుంది. సెలవుల ముందు మొదలైన ఏ వైద్యమైనా సెలవుల తర్వాత గెలిచినట్టే కనబడుతుంది.

ఇక గుంపులుగా విడదీసి చూసిన ప్రయోగాల్లో చెప్పుకోదగ్గది కొరియాది కాదు, హాంగ్‌కాంగ్‌ది. అక్కడి విశ్వవిద్యాలయంలో స్వర పరిశోధకుడు ఎడ్విన్ యూ బృందం 2006లో 24 మందితో ఒక చిన్న ప్రయోగం చేసింది. తర్వాత 123 మందితో పెద్దది చేసి 2016లో జర్నల్ ఆఫ్ వాయిస్‌లో ప్రచురించింది. అందరూ గొంతును అతిగా వాడి స్వరతంత్రులు దెబ్బతిన్నవాళ్లే. వాళ్లను మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు గొంతుకు సంబంధించినవిగా చెప్పే తొమ్మిది బిందువుల్లో నిజం సూదులు, అరగంట చొప్పున వారానికి రెండుసార్లు, ఆరు వారాలు. రెండో గుంపుకు అవే బిందువుల మీద చర్మంలోకి దిగని మొద్దు సూదులు, అంతే సేపు, అన్నేసార్లు. మూడో గుంపుకు చికిత్స లేదు, పరీక్షలు మాత్రమే.

నిజం సూదుల గుంపులోనూ, మొద్దు సూదుల గుంపులోనూ గొంతు అందుకోగల అతి ఎత్తైన స్వరం పెరిగింది. రోజువారీ జీవితంలో గొంతు పెట్టే ఇబ్బంది తగ్గిందని వాళ్లు చెప్పారు. స్వరతంత్రుల మీది కాయల పరిమాణం మాత్రం నిజం సూదుల గుంపులోనే చెప్పుకోదగ్గంతగా తగ్గింది. తేలిగ్గా తీసెయ్యాల్సిన ఫలితం కాదు ఇది. కాయ పరిమాణం రోగి నమ్మకాన్నిబట్టి మారదు. అదే సమయంలో కొన్ని హద్దులూ చూడాలి. సూది గుచ్చేవాడికి ఏది నిజమో, ఏది మొద్దుదో తెలుసు. అతని మాటతీరు, శ్రద్ధ తెలియకుండానే రోగికి చేరవచ్చు. పోల్చిన గుంపుల్లో స్పీచ్ థెరపీ గుంపు లేదు. కాబట్టి సూదులు ఏమీ చేయకపోవడం కంటే మేలా అన్న ప్రశ్నకు కొంత జవాబు వచ్చింది. ఇప్పటికే ఉన్న మంచి చికిత్స కంటే మేలా, దానికి జతచేస్తే మేలా అన్న ప్రశ్నలకు రాలేదు. ఇదే ఫలితం వేరే ఊళ్లో, వేరే చేతుల్లో మళ్లీ రావాలి. మరో సంగతి, ఇది చైనా పద్ధతి సూదుల వైద్యం. కొరియాకు సొంతమైన సాఆమ్ సూది పద్ధతి, మూలికల సూదిమందు, కషాయాలు ఇందులో పరీక్షకు రాలేదు. అన్నదమ్ముల్లో ఒకడు పరీక్ష పాసైతే రెండోవాడికి సర్టిఫికెట్ ఇవ్వం కదా.

మొద్దు సూది విషయంలో కొరియాకు దక్కాల్సిన గౌరవం ఒకటుంది. నిజం సూదిలా కనబడుతూ, తాకినట్టు అనిపిస్తూ, చర్మంలోకి దిగకుండా తనలోకే ముడుచుకునే ఉత్తుత్తి సూదుల్లో ఒకదాన్ని రూపొందించినవాడు జోంగ్‌బే పార్క్ అనే కొరియా సంప్రదాయ వైద్యుడు. బ్రిటన్‌లో పనిచేస్తూ 2002లో సహచరులతో కలిసి దాని పరీక్ష ఫలితాలు ప్రచురించాడు. తన సంప్రదాయాన్ని కఠినంగా పరీక్షించే పనిముట్టును తానే తయారుచేసుకున్న వైద్యుడంటే నాకు ఎంతో గౌరవం. సంప్రదాయ వైద్యులు రుజువులకు వెనకాడతారనే మాట అందరికీ వర్తించదు.

ఆధునిక వైద్యం వైపు అంతా తేలిపోయిందా అంటే అదీ లేదు. స్వరతంత్రుల కాయలకు ఆపరేషన్ మేలా, ఆపరేషన్ లేని చికిత్స మేలా అని వైద్య ప్రయోగాలను కలిపి తూచే కాక్రేన్ సంస్థ సమీక్షకులు వెతికితే లెక్కలోకి తీసుకోదగ్గ ప్రయోగం ఒక్కటీ దొరకలేదు. అవయవంలో లోపం లేకుండా వచ్చే బొంగురుకు గొంతు వాడకం నేర్పడం, వ్యాయామాలు చేయించడం రెండూ కలిపితే ఏమీ చేయకపోవడం కంటే మేలని ఇంకో కాక్రేన్ సమీక్ష తేల్చింది. దానికీ ఆధారం ఆరు ప్రయోగాలే. రుజువు ఎక్కువగా స్పీచ్ థెరపీ వైపు ఉంది. కానీ అది కూడా కొండంత కాదు.

సంప్రదాయ వైద్యానికి స్వర సమస్యల్లో ఎక్కడైనా బలమైన అవకాశం ఉందా అని అడిగితే నా చూపు రెండు చోట్లకు వెళ్తుంది. ఒకటి, మెడ, గొంతు కండరాలు బిగుసుకుపోయి వచ్చే బొంగురు. లోపల చూస్తే కాయ ఉండదు, వాపు ఉండదు. ఆందోళన, అలసట, తప్పుడు అలవాటు. మెడ కండరాల నొప్పికి సూదులతో కొంత ఉపశమనం దొరుకుతుందనడానికి వేరేచోట్ల ఆధారాలున్నాయి గనుక ఇక్కడ పరీక్షించడం అర్థవంతం. రెండోది, గొంతులో ఏదో అడ్డుపడ్డట్టు, మింగినా పోనట్టు ఉండే బాధ. కొరియాలో దీన్ని మెహెక్కి అంటారు, ఆల్‌బుకారా జాతి పండు గింజ గొంతులో ఇరుక్కున్నట్టు అని భావం. రెండో, మూడో శతాబ్దాల సంధికాలంలో చైనాలో రాసిన గ్రంథంలోనే దీని వర్ణన, దీనికి పాన్‌హా హుబాక్‌తాంగ్ అనే కషాయం ఉన్నాయి. దిగులుకూ ఈ బాధకూ ఉన్న సంబంధాన్ని ఆ సంప్రదాయం ఏనాడో పట్టుకుంది. ‘గొంతులో ఏమీ లేదమ్మా, నీ మనసులోనే ఉంది’ అని పంపేసే డాక్టరు కంటే, నీ బాధకు పేరుందని చెప్పి అరగంట కూర్చోబెట్టి వినే వైద్యుడు మేలు చేయడం సహజం. ఆ మేలులో కషాయం వాటా ఎంత, వినడం వాటా ఎంత అని విడదీయడమే పరిశోధకుడి పని.

ప్రమాదాల గురించి నిక్కచ్చిగా చెప్పాలి. అతిమధురం సహజమైనదే, తియ్యనిదే. కానీ ఎక్కువగా, ఎక్కువ రోజులు తీసుకుంటే ఒంట్లో పొటాషియం పడిపోతుంది, రక్తపోటు పెరుగుతుంది. బీపీ మందులు, గుండె మందులు వాడేవాళ్లకు ఇది ఆటకాదు. జలుబు, దగ్గు కషాయాల్లో వాడే మాహ్వాంగ్ అనే మూలికలో ఎఫెడ్రిన్ ఉంటుంది, అది గుండె వేగాన్ని, రక్తపోటును పెంచుతుంది. మెడ ముందు బిందువుల్లో ఒకటి మెదడుకు రక్తం తీసుకెళ్లే పెద్ద ధమని పక్కనే ఉంటుంది. ఇంకొకటి గొంతు గుంటలో, శ్వాసనాళం ముందే ఉంటుంది. తర్ఫీదు పొందిన చేతుల్లో ప్రమాదం అరుదు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో వారాంతపు కోర్సు చేసి బోర్డు పెట్టినవాళ్ల చేతికి మెడ అప్పగించకూడదు. కొరియా హానుయ్‌సా ఆరేళ్లు చదివినవాడని మరచిపోకూడదు.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం మందులో ఉండదు, జాప్యంలో ఉంటుంది. స్వరతంత్రి మీద పుట్టే కేన్సర్ తొలి గుర్తు బొంగురే. తొందరగా పట్టుకుంటే అది చాలావరకు నయమయ్యే జబ్బు. అమెరికా ఈఎన్‌టీ వైద్యుల సంఘం 2018లో సవరించిన మార్గదర్శకాల ప్రకారం నాలుగు వారాలకు తగ్గని బొంగురుకు స్వరపేటికను చూసి తీరాలి. పొగతాగేవాళ్లకు, మెడలో గడ్డ ఉన్నవాళ్లకు, మెడకో ఛాతీకో ఆపరేషన్ అయినవాళ్లకు అన్నాళ్లు కూడా ఆగకూడదు. చూడకుండా యాంటీబయాటిక్స్, స్టెరాయిడ్స్, ఎసిడిటీ మాత్రలు రాయొద్దని అదే మార్గదర్శకం ఆధునిక వైద్యులను కూడా హెచ్చరిస్తోంది. చూడకుండా కషాయం ఇవ్వడం ఎంత తప్పో, చూడకుండా గ్యాస్ మాత్రలు రాయడం అంతే తప్పు.

చూడడం అంటే పెద్ద తంతేమీ కాదు. కుర్చీలో కాస్త ముందుకు వంగి కూర్చోమంటారు. నాలుక చివర గుడ్డతో పట్టుకుని, సన్నటి గొట్టం నోట్లోంచి వెనక్కి పెట్టి ‘ఈ’ అనమంటారు. తెర మీద ముత్యపు రంగులో రెండు పట్టీలు దగ్గరకొచ్చి అదురుతాయి. మెరిసి ఆరే దీపం వేస్తే ఆ అదురు నెమ్మదించి, అల పాకినట్టు కనబడుతుంది. వాంతి వచ్చేట్టున్నా రెండు నిమిషాల్లో అయిపోతుంది. హో జున్ చేతికి ఆ గొట్టం అంది ఉంటే స్వరం అధ్యాయం ఎలా రాసేవాడోనని నేను చాలాసార్లు అనుకున్నాను.

కొరియాలో ఈ చూడడం ఎవరిదన్నది ఇంకా నలుగుతున్న వివాదం. రెండు వైద్యాలూ చట్టంలో పక్కపక్కనే ఉన్నా, ఎవరి పనిముట్లు వాళ్లవే అన్నట్టు చాలాకాలం సాగింది. ఒక హానుయ్‌సా ఒకే రోగికి 68 సార్లు అల్ట్రాసౌండ్ చేసి గర్భాశయ కేన్సర్‌ను గుర్తించలేకపోయిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2022 డిసెంబరులో విస్తృత ధర్మాసనం, హానుయ్‌సాలు అల్ట్రాసౌండ్ వాడడం చట్టవిరుద్ధం కాదని తీర్పిచ్చింది. తీర్పు పనిముట్టు వాడే హక్కు ఇచ్చింది. అందులో కనబడిన దాన్ని చదవగలిగే నేర్పు తీర్పుతో రాదు. గొంతు విషయంలో నాకు న్యాయంగా తోచేది ఇద్దరూ ఒకే రోగిని కలిసి చూసే ఏర్పాటు. బీమా పరంగా చూస్తే, కషాయాలకు 2020 నవంబరులో మొదలై 2024లో విస్తరించిన ప్రయోగాత్మక పథకంలో నెలసరి నొప్పి, ముఖ పక్షవాతం, అలర్జీ జలుబు వంటి ఆరు సమస్యలున్నాయి. స్వర సమస్య అందులో లేదు.

మంచి ప్రయోగం ఎలా ఉండాలన్నది ఊహకు అందనిదేమీ కాదు. మనుషులు టీచర్లయితే బాగుంటుంది. అమెరికాలోని అయోవా, యూటా రాష్ట్రాల్లో 2004 నాటి అధ్యయనంలో జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు స్వర సమస్య వచ్చినవాళ్లు టీచర్లలో 57.7 శాతం, మిగతావాళ్లలో 28.8 శాతం. సియోల్‌లోనైనా గుంటూరులోనైనా నలభై మంది పిల్లల ముందు నిలబడే గొంతు పడే పాట్లు ఒకటే. వాళ్లందరికీ మొదట స్వరపేటిక చూడాలి. అందరికీ స్పీచ్ థెరపీ ఇవ్వాలి, ఎందుకంటే ఉన్న చికిత్స ఆపి ప్రయోగం చేయడం అన్యాయం. దాని మీద ఒక గుంపుకు కొరియా పద్ధతిలో సూదులు, ఒక గుంపుకు ఉత్తుత్తి సూదులు, ఒక గుంపుకు ఏదీ లేకుండా. సెలవులు ఒక గుంపుకే కలిసిరాకుండా అందరినీ ఒకే టర్మ్‌లో మొదలుపెట్టాలి. కషాయానికి వేరే ప్రయోగం, రంగు, చేదు కలిసే ఉత్తుత్తి కషాయంతో. రికార్డు చేసిన గొంతులను, తెర మీది వీడియోలను ఏ గుంపుదో తెలియని నిపుణులు చూసి మార్కులు వేయాలి. ఆరో వారంలో ఒకసారి, ఆరో నెలలో బడి నిండుగా నడుస్తున్నప్పుడు ఇంకోసారి.